చీమలు బాగున్నాయా అమ్మా?

సింహాద్రి గారు ఎవరింటికి వెళ్ళినా ముందు చీమల్ని పలకరించి, ఆ తర్వాతే మనుషుల్ని పలకరించేవారు. గుమ్మం ముందు చెప్పులు విడిచి కుశలం అడగాల్సిన చోట, "మీ ఇంట్లో చీమలు ఏ వైపు పడతాయండీ?" అని అడిగేవారు. పలివెలలో ఆ ప్రశ్న వినని గడప లేదు. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళు బిత్తరపోయేవారు. అత్తగార్లు మాత్రం, "ఆయనంతేలేమ్మా, కాఫీ పెట్టు" అని సర్దిచెప్పేవారు.

సత్యదుర్గ రాజోలు నుంచి ఆ వీధికి కోడలుగా వచ్చిన మూడోరోజున, సారె మిఠాయిలు పంచుతుంటే పక్కింటాయన వచ్చి కావిడి బుట్ట ముందు గొంతుకూర్చున్నారు. తీపి కోసం కాబోలనుకుని ఆమె ఒక లడ్డూ అందించింది. ఆయన దాన్ని చిదిపి, చొక్కా జేబులోంచి ఒక గాజు గొట్టం, నీలం మందు సీసా తీసి, చిన్న స్పిరిట్ దీపం మీద కాచారు. నీలం నీలంగానే ఉండిపోయింది.

"పంచదార దొంగదమ్మా, ఈ మందుకి దొరకదు. గ్లూకోజయితే పాపం అమాయకురాలు, వెంటనే ఎర్రబడిపోద్ది" అని, మిగిలిన లడ్డూ నోట్లో వేసుకుని, "అన్నట్టు చీమలు ఎటేపు పడతాయమ్మా?" అన్నారు. సత్యదుర్గ అత్తగారు బంగారమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. ఆ రోజు నుంచి ఆయన సత్యదుర్గకి బాబయ్యగారు, ఆయన భార్య కాంతం గారు పిన్నిగారు అయ్యారు.

సింహాద్రి గారు అమలాపురంలో ఒక కాలేజీ సైన్సు లాబ్‌లో ముప్ఫై నాలుగేళ్ళు అటెండరుగా చేసి రిటైరయ్యారు. ఆయన చదివింది ఎనిమిదో తరగతి. కానీ ప్రాణమున్న ప్రతిదీ దేనితో తయారైందో ఆయన్ని అడిగితే లెక్చరర్లకంటే ముందు చెప్పేవారు. "నాలుగే సరుకులండీ. పిండి, మాంసకృత్తు, కొవ్వు, దస్తావేజు. తవరైనా, నేనైనా, కాలవలో కొర్రమీనైనా ఈ నాలుగే. కొట్టొకటే, మూటలే వేరు."

"దస్తావేజేంటండీ?" అని ఎవరైనా అడిగితే ఇక పొంగిపోయేవారు. "డీఎన్ఏ అండి. తవరి ముక్కు ఇలా సొట్టగా ఉందంటే తవరి తాతగారు ఎప్పుడో రిజిస్టర్ చేయించేరన్నమాట. దాని మీద అప్పీలు లేదు." సొట్ట ముక్కాయన అక్కడ్నుంచి లేచి వెళ్ళిపోయేవాడు.

లాబ్‌లో ఆయన హవా మామూలుగా ఉండేది కాదు. ప్రాక్టికల్ పరీక్షల్లో మూత్రంలో ఏముందో కనిపెట్టమని పిల్లలకి గొట్టాలిస్తారు. పరీక్షకి అంత మూత్రం ఎవరిస్తారు? సింహాద్రి గారే పల్చటి టీ డికాషన్‌లో చిటికెడు ఉప్పేసి, ఒక గొట్టంలో గ్లూకోజ్, ఇంకోదాంట్లో గుడ్డు తెల్లసొన కలిపి తయారుచేసేవారు. పైనుంచి వచ్చిన ఎగ్జామినరు కూడా ముక్కు మూసుకునేటంత బాగా కుదిరేది. జాలిగుండె కాబట్టి తెల్లమొహం వేసిన పిల్లల పక్కన నిలబడి, గ్లూకోజ్ అయితే ఒకసారి, మాంసకృత్తు అయితే రెండుసార్లు దగ్గేవారు. ఒక ఏడాది ఆయనకి నిజంగానే జలుబు చేసింది. ఆ బ్యాచి మొత్తం ఒక్కొక్క గొట్టంలో ఆరేసి పదార్థాలు కనిపెట్టి, అందరూ కలిసి ఫెయిలయ్యారు.

ఇదంతా విని నవ్వుకోవడానికి బాగానే ఉండేది. చిక్కల్లా ఆ చీమలతోనే. వంటింటి చీమలు ఆయనకక్కర్లేదు. పెరటి చీమలు కావాలి, అందులోనూ బాత్రూము వెనక గోడవార పట్టే చీమలు. అక్కడికి వెళ్ళనిచ్చేదాకా ఒక పట్టాన వదిలేవారు కాదు. ఒకసారి తెల్లారుతూనే వెనకవీధి సత్యనారాయణమ్మ గారి దొడ్లో గొంతుకూర్చుని కనబడ్డారు. ఆవిడ దొంగనుకుని, గేదె కోసం ఉంచిన కుడితి కుండెడూ ఆయన నెత్తిన గుమ్మరించింది. ఆయన మూతి తుడుచుకుని, "పిండిపదార్థం బాగానే ఉందండీ, గేదె అదృష్టవంతురాలు" అన్నారట. ఊరు ఊరంతా నెల్లాళ్ళు చెప్పుకుని నవ్వింది. ఆవిడ మనవడు ఆ రోజుల్లో బక్కచిక్కిపోయి ఉన్నాడన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోలేదు. తర్వాత చూస్తే వాడికి ఏలికపాములని తేలింది.

చీమల మందంటే ఆయనకి పరమ శత్రువు. రాఘవులు కిరాణాకొట్టు ముందు నిలబడి, ఎవరైనా చీమల మందో, చీమల సుద్దముక్కో అడిగితే వాళ్ళతో వాదన పెట్టుకునేవారు.

"తవరిలా నిలబడితే నేను కొట్టు కట్టేసుకోవాలండి" అని రాఘవులు మొత్తుకున్నాడు.

"అయితే ఒక పని చెయ్యి రాఘవులూ. అమ్ముకో. కానీ చీమలు ఎక్కడ పట్టేయో అడక్కుండా మాత్రం అమ్మకు. వంటింట్లో అంటే ఇచ్చెయ్యి. దొడ్లో అంటే నాకు ఫోన్ చెయ్యి."

పీడ వదిలిందనుకుని రాఘవులు ఒప్పుకున్నాడు. అప్పట్నుంచి పలివెలలో చీమల మందు కొనాలంటే ఆధార్ కార్డు కూడా పట్టుకెళ్ళాలని జోకులు పుట్టాయి.

సత్యదుర్గకి ఈ జోకులు నవ్వు తెప్పించింది కూతురు దివ్య అయిదో పుట్టినరోజు దాకానే. భర్త వినయ్ మస్కట్ నుంచి సెలవు మీద వచ్చాడు. రాజోలు చుట్టాలంతా దిగారు. పిల్ల కేకు కోసే సమయానికి, చేతులు కడుక్కుందామని వెనక్కి వెళ్ళిన సత్యదుర్గ పెద్దమ్మ కెవ్వుమని అరిచింది. బాత్రూము గోడ పక్కన టార్చిలైటు పట్టుకుని సింహాద్రి గారు. పెద్దమ్మకి దడ తగ్గడానికి గంట పట్టింది. చుట్టాల ముందు సత్యదుర్గకి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు గోడ దగ్గర నిలబడి కడిగిపారేసింది. "పెద్దవారని ఊరుకుంటన్నానండి. ఇంకోసారి మా గేటు దాటి దొడ్లోకొస్తే మర్యాద దక్కదు. ఆడవాళ్ళు తిరిగే చోట ఇదేం బుద్ధండి బాబయ్యగారూ?"

సింహాద్రి గారి మొహం చిన్నబోయింది. "ఆయ్, తప్పేనమ్మా. రానులే" అన్నారు. అన్నమాట ప్రకారం రాలేదు కూడా. కానీ రోజూ పొద్దున్నే గోడ అవతల నుంచి గొంతు మాత్రం వినిపించేది. "అమ్మా సత్యదుర్గా, చీమలు బాగున్నాయా అమ్మా?" ఆమె విసుగ్గా, "బాగానే ఉన్నాయండి, తవర్ని అడిగేయని చెప్పమన్నాయి" అనేది. "ఆయ్, సంతోషం" అని ఆయన వెళ్ళిపోయేవారు. ఏడాదిన్నర అలాగే గడిచింది.

ఆ ఎండాకాలం దివ్యకి దాహం పట్టుకుంది. ఎండలకి పిల్లలు నీళ్ళు తాగడం మామూలే కదా అనుకున్నారు. కానీ చెంబు దించకుండా తాగేది. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. పది రోజుల్లో గౌను భుజాల మీంచి జారిపోయేటంత చిక్కిపోయింది. "వడదెబ్బే" అని బంగారమ్మ తేల్చేసి, బొండాలు కోయడానికి దింపువాణ్ణి పిలిపించింది. పెరట్లో ఎనిమిది కొబ్బరిచెట్లున్న ఇంట్లో ఏ జబ్బుకైనా మొదటి మందు బొండమే. పూటకి రెండేసి బొండాలు తాగించారు. ఎర్ర మిరపకాయలు, ఉప్పు తిప్పి దిష్టి తీశారు. మందులిచ్చే ఆయన చెయ్యి పట్టుకు చూసి, నీరసం పోవడానికి గ్లూకోజ్ పొడి కలిపి పట్టించమన్నాడు. సత్యదుర్గ గంటకొక గ్లాసు కలిపి, బతిమాలి, కథలు చెప్పి మరీ తాగించింది. దివ్య బాగుపడితే వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు ప్రదక్షిణాలు చేస్తానని మొక్కుకుంది. పిల్ల తాగినకొద్దీ వాడిపోయింది.

పిల్ల ఆపుకోలేక బాత్రూము దాకా కూడా వెళ్ళకుండా బట్టలుతికే బండ పక్కనే కూర్చునేది. అక్కడ ఎర్రచీమలు బారులు తీరాయి. పిల్లని కుడతాయేమోనని సత్యదుర్గకి భయం వేసింది. ఒక పొద్దుట గబగబా రాఘవులు కొట్టుకి వెళ్ళి చీమల మందు అడిగింది.

"ఎక్కడ పట్టేయమ్మా? వంటింట్లోనా?" అన్నాడు రాఘవులు అలవాటు ప్రకారం.

"తవరికి కూడా ఆ పిచ్చి అంటుకుందా అండీ? దొడ్లో పట్టేయి. మా పాప ఒంటేలికి కూర్చునే చోట."

డబ్బా అందుకోబోయిన రాఘవులు చెయ్యి ఆగిపోయింది. "స్టాకు లేదమ్మా" అన్నాడు.

"మీ వెనకాలే వరసగా ఉన్నాయి కదండి?"

"అవి... అవి ఖాళీ డబ్బాలండి" అని ఫోను తీసుకుని కొట్టు వెనక్కి పరిగెత్తాడు.

ఆమె ఇంటికి తిరిగొచ్చేసరికి గేటు బయట సింహాద్రి గారున్నారు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నారు. అంత తొందరలోనూ గేటు లోపల కాలు పెట్టలేదు.

"అమ్మా, మాటిచ్చేను కాబట్టి ఆగేను. ఒక్కసారి లోపలికి రానివ్వమ్మా. తవరి కాళ్ళు పట్టుకుంటాను."

సత్యదుర్గ ఏదో కటువుగా అనబోయింది. ఇంతలో లోపల దివ్య వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆమె గేటు తెరిచి లోపలికి పరిగెత్తింది. వెనకే ఆయన కూడా వచ్చి నేరుగా దొడ్లోకి వెళ్ళారు. చీమల బారు చూసి, కాంతం గారి చేత పిల్ల ఒంటేలు గిన్నెలో పట్టించి, గొట్టంలో నీలం మందు పోసి, ఎనిమిది చుక్కలు వేసి కాచారు. నీలం ఆకుపచ్చయింది. ఆకుపచ్చ పసుపయింది. పసుపు చూస్తుండగానే ఇటుక రంగుకి తిరిగింది. సింహాద్రి గారు దీపం ఆర్పి, బట్టల బండ మీద కూలబడ్డారు. ఆయన ఏ గొట్టం కాచినా ఏదో ఒక చమత్కారం ఆడకుండా ఉండరు. ఆ పూట ఒక్క మాట కూడా రాలేదు. సత్యదుర్గకి అప్పుడు నిజంగా భయం వేసింది.

"బొండాలు ఆపండమ్మా. గ్లూకోజ్ పారబోయండి. రాఘవులు వేన్ తెస్తన్నాడు. అమలాపురం వెళ్ళిపోదాం."

"పాపకేమైందండీ?" అంది సత్యదుర్గ.

"షుగరమ్మా."

"పసిపిల్లకి షుగరేంటండీ? మా ఇంటా వంటా లేదు" అని బంగారమ్మ గోలపెట్టింది.

వేన్‌లో దివ్య తల ఒళ్ళో పెట్టుకుని సింహాద్రి గారు బంగారమ్మకి చెప్పారు. "అక్కా, మనం తిన్న అన్నమే గ్లూకోజయ్యి నెత్తుట్లో పారతాది. కాలవ నిండా నీళ్ళున్నాయనుకోండి. లాకు ఎత్తే లస్కరు లేకపోతే చేలోకి చుక్క దిగదు. చేలు ఎండిపోతాయి, కాలవేమో పొంగి డొంకలో పడతాది. ఇన్సులినని ఒంట్లో ఒక మాంసకృత్తు ఉంది. అదే లస్కరు. పాపకి ఆ లస్కరు డ్యూటీకి రావడం మానేసేడు. మనం కాలవలోకి ఇంకా నీళ్ళు తోడతన్నాం." బంగారమ్మ ఊళ్ళో రెండెకరాల చేను చేసిన మనిషి. ఆవిడకి వెంటనే అర్థమైంది. అర్థమయ్యాక నోరు నొక్కుకుని ఏడ్చింది.

ఆసుపత్రిలో పరీక్ష చేసిన డాక్టరు, ఇంకో పూట ఆలస్యమైతే చేతిలో ఏమీ ఉండేది కాదన్నారు. రెండు రోజులు లోపలికి ఎవర్నీ పంపలేదు. సత్యదుర్గ వరండాలో గోడకి చేరబడి కూర్చుంది. తన చేత్తో కలిపిన గ్లాసులన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చి, చేతులు నరుక్కోవాలనిపించింది. ఆ మాట పైకి అనేసింది కూడా. పక్కనే కూర్చున్న కాంతం గారు ఆమె చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నారు.

"మాకొక పిల్లుండేదమ్మా. భవాని. ఎనిమిదేళ్ళు. నలభై ఏళ్ళయింది."

సత్యదుర్గకి ఆ సంగతి తెలియదు. ఆ వీధిలో ఎవరూ ఆ పేరెత్తగా వినలేదు.

"దాహం దాహం అనేది. ఈయన సాయంత్రం కాలేజీ నించొస్తా చేతికందినన్ని బొండాలు తెచ్చేవారు. ఏవండీ, పిల్ల పోసిన చోట చీమలు పడుతున్నాయండీ అన్నాను. అవునా, కుడతాయేమో అని చీమల మందు తెచ్చి చల్లేరు. తెల్లారి పరీక్షలు. ఈయనే మూడో గొట్టంలో గ్లూకోజ్ కలిపేరు. నలభై మంది పిల్లలు దాన్ని కాచి ఎర్రగా చేసేరంట. ఆ గొట్టాలన్నీ కడిగి ఇంటికొచ్చేరు. ఇంటి దగ్గర పిల్ల కూడా అదే పోస్తంది, ఈయనకి తట్టలేదమ్మా. నాలుగో రోజుకి భవాని లేదు." "దినాలయ్యేక డ్యూటీకెళ్ళి ఎర్రబడ్డ గొట్టం ఒకటి కడుగుతుంటే అప్పుడు వెలిగింది. అక్కడే కింద పడిపోతే మోసుకొచ్చేరు. ఇక అప్పట్నించీ ఇదే వరస. ఊరంతా నవ్వుతున్నారండీ, నాకు సిగ్గుగా ఉందండీ అంటే, నవ్వనీ కాంతం, నవ్వుకుంటా అయినా దొడ్లోకి రానిస్తే చాలు అంటారు."

సత్యదుర్గ ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని బావురుమంది. తను గోడ దగ్గర అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. వరండా చివర సింహాద్రి గారు డాక్టరు గది తలుపుకేసి చూస్తూ నిలబడే ఉన్నారు. మూడోరోజు పొద్దున నర్సు బయటికొచ్చి, "పాప ఇడ్లీ అడుగుతోంది" అంది. అప్పుడు ఆయన కూర్చున్నారు.

ఇంటికి వచ్చాక ఇంకో గండం వచ్చింది. రోజుకి నాలుగు సూదులు. కన్నకూతురి ఒంట్లో సూది గుచ్చడానికి సత్యదుర్గకి చెయ్యి ఆడలేదు. సింహాద్రి గారు చొక్కా ఎత్తి తన బొజ్జ చూపించారు. "ముందు నా మీద నేర్చుకోమ్మా. ఉప్పునీళ్ళ ఇంజక్షన్లు తెచ్చేను. స్థలం చాలా ఉంది." ఆమె పొడిస్తే, "ఆయ్!" అని ఎగిరి, వెంటనే సర్దుకుని, "బ్రహ్మాండం, ఇంకోటి కానీ" అనేవారు. ఇరవై పోట్లయ్యేసరికి సత్యదుర్గకి చెయ్యి కుదిరింది. ఆయన మాత్రం వారం రోజులు పంచె జారుగా కట్టుకున్నారు.

"ఈ సంగతి ఊళ్ళో చెప్తానండి బాబయ్యగారూ. తవర్ని పిచ్చాయన అనుకుంటన్నారు, నాకు ఒళ్ళు మండిపోతంది" అంది ఒకరోజు.

ఆయన కంగారుపడ్డారు. "వద్దమ్మా. పాపకి రేపు సంబంధాలు రావద్దా? ఫలానా పిల్లకి షుగరంట అని నలుగురి నోటా ఎందుకు పడాలి? నన్ను పిచ్చోడనుకుంటే పోయేదేం లేదు."

నిజమే, అలా ఇంకెంతమంది పిల్లలున్నారో ఆయన కాంతం గారికి కూడా చెప్పలేదు. ఏ ఊరెందుకు వెళ్తున్నారంటే, "చీమల్ని చూసొద్దామనీ" అని సైకిలెక్కేవారు.

ఈ ఏడు మాఘమాసంలో ఒక మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్న సింహాద్రి గారు మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. సత్యదుర్గ కన్నతండ్రి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. పొద్దున్నే గోడ అవతల నుంచి పలకరింపు లేకపోయేసరికి ఆ గోడ దగ్గరికి వెళ్ళడమే మానేసింది.

పెద్దకార్యం నాడు వీధిలో షామియానా వేశారు. వంటలు చేయించిన నాగదుర్గాప్రసాద్ బూరెలు, గారెలు, పులిహోర దింపించి బంతి వెయ్యమన్నాడు. దివ్య మాత్రం భోజనానికి రానని భీష్మించింది. తొమ్మిదేళ్ళొచ్చిన దగ్గర్నుంచి దానికి ఇదే పెద్ద బాధ. తినేముందు గౌను పైకెత్తి సూది వేసుకోవాలి. అందరూ చూస్తారు. అందుకని పెళ్ళిళ్ళకీ, పేరంటాలకీ రావడమే మానేసింది. "తాతగారి భోజనమమ్మా, ఆయన కోసమైనా రావా?" అని సత్యదుర్గ లాక్కొచ్చి కూర్చోబెట్టింది. పిల్ల సూది సంచీ ఒళ్ళో దాచుకుని, తల వంచుకుని కూర్చుంది.

ఆ బంతిలో ఊరివాళ్ళు సగమే. మిగతావాళ్ళు ఎవరో తెలియదు. జొన్నాడ నుంచి వచ్చానని చెప్పిన లారీడ్రైవరు ఒకడు, బుర్రమీసాలవాడు. అంతర్వేది వైపు నుంచి వచ్చిన పడవ మనిషి. చంకలో పిల్లాడున్న టీచరమ్మ. ఇంజనీరింగు చదివే కుర్రాడు. తల్లుల వెంట వచ్చిన పిల్లలు. వీళ్ళకి కబురెవరు చెప్పారని అడిగితే, రాఘవులు తల గోక్కుని, ఆయన ఫోనులో 'చీమలు' అని రాసుకున్న నంబర్లన్నిటికీ తనే ఫోన్ చేశానన్నాడు.

విస్తళ్ళలో బూరెలు పడ్డాయి. ఒక వరసలో ఎవరూ చెయ్యి పెట్టలేదు. బుర్రమీసాల డ్రైవరు జేబులోంచి పెన్నులాంటిది తీసి, చొక్కా ఎత్తి, బొడ్డు పక్కన టక్కున పొడుచుకున్నాడు. టీచరమ్మ కొంగు చాటున పొడుచుకుంది. పడవ మనిషి, ఇంజనీరింగు కుర్రాడు, ఆ పక్కన జడలేసుకున్న పిల్ల, దాని పక్కన ఇంకో పిల్లాడు. టక్కు టక్కుమని పదిమంది. చేతిలో గరిటెతో నాగదుర్గాప్రసాద్ కొయ్యబారిపోయాడు.

"ఏవండీ, బూరెలు వడ్డించమంటారా, డాక్టర్ని పిలవమంటారా?"

"నువ్వు నెయ్యి వెయ్యవయ్యా" అన్నాడు డ్రైవరు. తర్వాత పక్కకి తిరిగి, నోరు తెరుచుకు చూస్తున్న దివ్యని అడిగాడు. "నీకు బూరెకి ఎన్నమ్మా?"

"రెండు యూనిట్లండి" అంది దివ్య.

"నాకూ రెండే. మా ఇంటికొచ్చినప్పుడు సింహాద్రి గార్ని మా కుక్క కరిచేసింది తెల్సా?"

"మా నాన్న తెడ్డుతో కొట్టేడు" అన్నాడు పడవ మనిషి గొప్పగా.

"మా నాయనమ్మ పోలీసుల్ని పిలిచింది" అంది టీచరమ్మ. అందరూ ఆమెకేసి గౌరవంగా చూశారు.

వెనకనున్న తల్లులు కూడా మాటల్లో పడ్డారు. రోజుకి ఎనిమిది బొండాలు పోశామని ఒకరు, గ్లూకోజ్ డబ్బాలు ఖాళీ చేశామని ఒకరు, చీమల మందు చల్లామని ముగ్గురు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేనివి ఒకరికొకరు చెప్పుకుని కళ్ళు తుడుచుకున్నారు. సత్యదుర్గ కూడా తన గ్లాసుల సంగతి మొదటిసారి పైకి చెప్పింది. గుండె మీంచి బండ దించినట్టయింది. పక్కకి చూస్తే కాంతం గారు లేచి, గోడకి ఆనించిన సింహాద్రి గారి ఫొటో దగ్గరికి వెళ్తున్నారు. దండ సర్దుతూ, చెవిలో చెప్పినట్టు అన్నారు.

"విన్నారా అండీ? అందరూ చల్లేరంట. మనమొక్కళ్ళమే కాదంట."

సత్యదుర్గకి కన్నీళ్ళాగలేదు. కొంగుతో మొహం కప్పుకుంది. అప్పుడు బంతిలోంచి దివ్య గొంతు ఖంగుమని వినిపించింది.

"మా అమ్మయితే గేటు దాటితే మర్యాద దక్కదని తిట్టేసిందండి!"

బంతి బంతంతా గొల్లుమంది. సత్యదుర్గ సిగ్గుతో కొంగు తీయకుండానే నవ్వేసింది. కళ్ళు తుడుచుకుని చూసేసరికి, దివ్య అందరి మధ్యా నిటారుగా కూర్చుని, గౌను ఎత్తి సూది వేసుకుని, విస్తట్లో ఒకటే బూరె ఉందని నాగదుర్గాప్రసాద్‌తో దెబ్బలాట పెట్టుకుంటోంది.

"నేను నాలుగు యూనిట్లు వేసుకున్నానండీ. ఇంకో బూరె వెయ్యాల్సిందే."